అంచున నిలబడ్డ మనిషి



ఈ పూట ఆటల ఫొటోల గురించి మాట్లాడుకుందాం. కంటితో చూడవలసినదాన్ని రేడియోలో చెబితే ఏం తెలుస్తుందని మీకు అనిపించవచ్చు. కొన్ని ఫొటోల విషయంలో బాగానే తెలుస్తుంది. ఒక బాక్సర్ వెల్లకిలా పడి ఉన్నాడు. అతని పక్కన మరో బాక్సర్ నిలబడి, కుడిచెయ్యి ఛాతీకి అడ్డంగా మడిచి, కిందికి చూస్తూ అరుస్తున్నాడు. ఇంత చెప్పేసరికి మీలో చాలామంది మహమ్మద్ అలీ అనేసి ఉంటారు. లార్డ్స్ బాల్కనీ, చేతుల్లో కప్పు, గుబురు మీసం కింద ముఖమంతా నవ్వు. ఈసారి ఇంకా తొందరగా కపిల్ దేవ్ అన్నారు. పతకాల వేదిక మీద తలలు వంచుకుని, నల్ల గ్లవుజు తొడిగిన పిడికిళ్లు పైకెత్తిన ఇద్దరు నల్లజాతి యువకులు. పేర్లు గుర్తుకు రాకపోయినా ఆ ఫొటో మీకు తెలుసు.

గొప్ప ఆటల ఫొటోకి నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. నాలుగు మాటల్లో చెబితే విన్నవాళ్ల కళ్లముందు నిలబడాలి. అందులోని మనుషుల ఆకారాలు అంత స్పష్టంగా, అంత విడిగా ఉండాలి. అయితే స్పష్టమైన ఫొటోలు ప్రతి ఉదయం పత్రిక ఆటల పేజీలో వస్తూనే ఉంటాయి, సాయంత్రానికి మరిచిపోతాం. కొన్ని మాత్రం యాభై అరవై ఏళ్లు ఎందుకు నిలుస్తాయి? నాకు తోచిన జవాబు ఇది. ఆటల ఫొటోని ఫొటోగ్రాఫర్ సగమే తీస్తాడు. మిగతా సగం ఆ తరవాతి కాలం తీస్తుంది. కాలం ఆ పని ఎలా చేసిందో తెలుసుకోవాలంటే, ఫొటోలో నడిమి మనిషి మీద నుంచి చూపు కాస్త పక్కకు తిప్పి అంచుల వైపు చూడాలి.

అలీ ఫొటోతోనే మొదలుపెడతాను. 1965 మే 25. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే చిన్న పట్టణం. బోస్టన్‌లో జరగవలసిన ప్రపంచ హెవీవెయిట్ పోటీ చివరికి అక్కడికి చేరింది. వేదిక, కుర్రాళ్లు ఐస్ హాకీ ఆడుకునే హాలు. చూడటానికి వచ్చినవాళ్లు రెండున్నర వేలమంది కూడా లేరు. మొదటి రౌండులోనే సోనీ లిస్టన్ కింద పడ్డాడు. అతన్ని పడగొట్టిన గుద్దు హాల్లో చాలామందికి కనిపించలేదు. ఇది ముందే మాట్లాడుకున్న నాటకమని కేకలు వేశారు. ఆ గుద్దుకు దెయ్యపు గుద్దు అని పేరు పెట్టారు. అంటే క్రీడగా చూస్తే అది ఎవరూ గర్వంగా చెప్పుకునే పోటీ కాదు.

దాన్ని రంగుల్లో తీసినవాడు నీల్ లైఫర్. అప్పటికి అతని వయసు 22. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కోసం రింగు పక్కన కూర్చున్నాడు. రింగు మీద ఎత్తున ఫ్లాష్ దీపాలు కట్టారు. అవి ఒకసారి వెలిగితే మళ్లీ శక్తి పుంజుకోవటానికి కొంత సమయం కావాలి. ఈ రోజుల్లోలాగా సెకనుకు ఇరవై ముప్పై ఫొటోలు తీసి, తరవాత తీరిగ్గా మంచిది ఎంచుకునే వీలు లేదు. ఆ క్షణానికి ఒక్కటే నొక్కు. అలీ అతనికి ఎదురుగా నిలబడి, లేచి పోరాడమని లిస్టన్‌ మీద అరిచిన క్షణంలో లైఫర్ నొక్కాడు.

ఇప్పుడు ఆ ఫొటో గుర్తు తెచ్చుకోండి. అలీ కాళ్ల మధ్యనుంచి రింగు అవతలి వైపు ఒక ఫొటోగ్రాఫర్ తల కనిపిస్తుంది. అతను హెర్బ్ షార్ఫ్‌మన్. అదే పత్రిక మనిషి, లైఫర్ కన్నా ఎంతో అనుభవం ఉన్నవాడు. చేతిలో కెమెరా ఉంది, అతనూ సిద్ధంగానే ఉన్నాడు. కానీ అతని వైపునుంచి కనిపించింది అలీ వీపు. వాళ్లిద్దరి మధ్య తేడా అంతా ఏ వైపు చోటు దొరికిందనే దాంట్లోనే ఉంది. బాక్సర్ ఎటువైపు పడతాడో పోటీకి ముందు ఎవరు చెప్పగలరు? లైఫర్ కూడా ఆ రోజు తనకు అదృష్టం కలిసివచ్చిందని దాచకుండా చెప్పేవాడు. అయితే అదృష్టం దొరికిన క్షణంలో ఫోకస్ తప్పకుండా, చెయ్యి వణకకుండా నొక్కటం అదృష్టం కాదు. ఆ పని చేసినవాడికి ఆ మెప్పు పూర్తిగా దక్కాలి.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉంది. ఆ వారం పత్రిక అట్ట మీద ఈ ఫొటో రాలేదు, లోపలి పేజీల్లో వేశారు. ఆ రోజుకు అందులో ఉన్నది చాలామంది అమెరికన్లకు నచ్చని, గొప్పలు చెప్పుకునే 23 ఏళ్ల కుర్రాడు. ముందటి ఏడాదే పేరు మార్చుకున్నాడు. పాత పేరుతోనే పిలుస్తామని పత్రికలు పట్టుబట్టాయి. తరవాత 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నాడు, బిరుదు పోగొట్టుకున్నాడు, మంచి వయసులో మూడేళ్లకు పైగా రింగుకు దూరమయ్యాడు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ని ఓడించి బిరుదు తిరిగి గెలిచాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో వణుకుతున్న చేత్తో జ్యోతి వెలిగించాడు. ఇన్ని జరిగాక ఆ పాత ఫొటో చూస్తే, అది లిస్టన్ మీద అరుపులా కనిపించదు. తనను కూర్చోబెట్టాలని చూసిన లోకం మీద అరుపులా కనిపిస్తుంది. నాటిన నాడే కోతకు వచ్చే పంట ఉండదు. 1999లో ఆ పత్రికే శతాబ్దపు గొప్ప ఆటల ఫొటోలు అని ప్రత్యేక సంచిక తెచ్చినప్పుడు అట్ట మీద వేసింది దీన్నే.

ఫొటోగ్రాఫర్ల పనితనం గురించి రెండు మాటలు చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల సెమీఫైనల్లో ఉసేన్ బోల్ట్ పరుగు మధ్యలో పక్కకు తిరిగి నవ్వాడు. వెనకాల ఉన్నవాళ్లంతా పళ్లబిగువున పరుగెత్తుతున్నారు. కామెరాన్ స్పెన్సర్ షట్టరు వేగం బాగా తగ్గించి, బోల్ట్ వెంటే కెమెరా తిప్పుతూ తీశాడు. అందుకే చుట్టూ ఉన్నదంతా గాలిలో కలిసిన రంగుల్లా చెరిగిపోయి, ఆ నవ్వొక్కటి తేటగా నిలిచింది. 2024లో తాహితిలోని తెహుపోలో అలల మీద సర్ఫింగ్ పోటీ జరుగుతోంది. జెరోమ్ బ్రూయే పడవలో ఉన్నాడు. బ్రెజిల్ ఆటగాడు గేబ్రియల్ మెదీనా పెద్ద అల లోపల ఉండటంతో అతను కనిపించడం లేదు. అల మీంచి బయటికి ఎగిరివస్తాడని ఊహించి బ్రూయే ఎదురు చూశాడు. ఒక వేలు ఆకాశానికి చూపిస్తూ మెదీనా గాలిలోకి లేచాడు. పక్కనే అతని పలక కూడా నిట్టనిలువుగా లేచి ఉంది. మనిషీ పలకా ఇద్దరు జంటగా గాలిలో నిలబడినట్టున్న ఆ ఫొటో ఒక్క రోజులో లోకమంతా తిరిగింది. ఆట ఎరిగినవాడు, ఆటగాడి తరవాతి కదలిక ముందే పసిగట్టగలవాడు మాత్రమే అలాంటివి తీయగలడు. కానీ మెదీనా ఫొటోలో మిగతా సగం కాలం తీస్తుందో లేదో చెప్పటానికి మనం ఇంకా ఇరవై ఏళ్లు ఆగాలి.

కాలం ఆ సగం పూర్తిచేసిన మారడోనా ఫొటో ఒకటుంది. బంతి అతని ఎడమకాలి దగ్గర. ఎదురుగా ఆరుగురు బెల్జియం ఆటగాళ్లు, అందరి కళ్లలోనూ కంగారు. ఆరుగురు కలిసి ఒక్కణ్ణి ఆపటానికి వచ్చారని చూసిన ప్రతివాడూ అనుకుంటాడు. స్టీవ్ పావెల్ తీశాడు. 1982 జూన్ 13, బార్సిలోనా, ప్రపంచకప్ మొదటి మ్యాచ్. అసలు జరిగింది వేరు. అర్జెంటీనాకు ఫ్రీకిక్ దొరికింది. బెల్జియం వాళ్లు వరసగా గోడ కట్టారు. బంతి నేరుగా కొట్టకుండా ఆర్డిలెస్ పక్కనే ఉన్న మారడోనాకు ఇచ్చాడు. దాంతో గోడ కట్టినవాళ్లు చెదిరి అటు తిరిగారు. పావెల్ నొక్కింది ఆ క్షణమే. తరవాతి క్షణంలో ఏ అద్భుతమూ జరగలేదు. ఆ మ్యాచ్‌లో అర్జెంటీనా 0-1తో ఓడిపోయింది, మారడోనా ఆట గొప్పగా లేదు.

అయితే ఆ ఫొటో అబద్ధమా? నేను అలా అనను. నాలుగేళ్ల తరవాత, 1986 ప్రపంచకప్ సెమీఫైనల్లో, అదే బెల్జియం మీద మారడోనా రెండు గోల్స్ కొట్టాడు. అందులో రెండోది రక్షకుల్ని ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్లి కొట్టినది. 1982 ఫొటో చెప్పినమాట 1986లో నిజమైంది. ముందుగా చెప్పిన జోస్యంలా ఆ ఫొటో నాలుగేళ్లు కాచుకుని కూర్చుంది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఫొటో మనదేశానికి బాగా తెలిసిందే. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పి.టి. ఉష 55.42 సెకన్లు, మూడో స్థానం దక్కిన రొమేనియా అమ్మాయి కొజోకారు 55.41. తేడా సెకనులో వందో వంతు. దాన్ని తేల్చింది ఫొటో ఫినిష్ కెమెరా. మామూలు కెమెరా ఒక క్షణంలో మైదానమంతా పట్టుకుంటుంది. ఇది అలా కాదు. సన్నని చీలికలోంచి గీతను మాత్రమే చూస్తూ, ఆ గీత మీదికి ఎవరు ఎప్పుడు వచ్చారో వరసగా ఫిల్ము మీద పరుస్తుంది. అందులో లెక్కకు వచ్చేది తలా కాదు, కాలూ కాదు, ఛాతీ. ఆఖరి అడుగులో ఛాతీ ముందుకు వంచటంలోని తేడాతోనే పతకం పోయింది. ఆటల చరిత్రలో ఇంతకన్నా నిజం చెప్పే ఫొటో ఉండదు. కానీ దాన్ని గోడకు తగిలించుకున్నవాళ్లు ఎవరు? పొడవుగా సాగిన కాళ్లూ, వంకరపోయిన శరీరాలూ కనిపించే ఆ పట్టీలో ఉష ముఖంలోని బాధ ఎక్కడా లేదు. నిజం మాత్రమే ఉంటే చాలదు. మనిషి ఉండాలి.

ఆ పట్టీలో మనిషి లేని లోటు ఒక రకమైతే, అసలు కదిలే బొమ్మే లేని లోటు 1983లో తగిలింది. జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మన జట్టు 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకున్నాక కపిల్ దేవ్ 175 నాటౌట్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌కి టీవీ రికార్డింగు లేదు. మనదేశపు క్రికెట్‌లో అంతటి ఆటను తరవాతి తరాలు కదిలే బొమ్మగా చూడలేకపోయాయి. సరిగ్గా వారం తిరిగేసరికి, జూన్ 25న, లార్డ్స్ బాల్కనీలో కప్పు అందుకున్నప్పుడు తీసిన ఫొటోలే అందరికీ మిగిలాయి. నాకు ఆ కప్పు చూసినప్పుడల్లా టీవీలో రికార్డు కాని ఆ 175 పరుగులు గుర్తొస్తాయి. ఇన్నేళ్లుగా ఆ ఫొటో తనలో లేనిదాన్ని కూడా మోస్తోంది.

ఫొటోలో లేనివాళ్ల మాట వచ్చింది కాబట్టి బోస్టన్ మారథాన్ సంగతి చెప్పాలి. 1967 ఏప్రిల్ 19. కేథరిన్ స్విట్జర్, 20 ఏళ్ల విద్యార్థిని, కె.వి. స్విట్జర్ అనే పేరుతో దరఖాస్తు పెట్టుకుని 261 నంబరు తగిలించుకుని పరుగెడుతోంది. మారథాన్ ఆడవాళ్లకు కాదని నమ్మే రోజులు. నిర్వాహకుల్లో ఒకడైన జాక్ సెంపుల్ వెనకనుంచి వచ్చి ఆమె నంబరు చింపబోయాడు. పక్కనే పరుగెడుతున్న ఆమె స్నేహితుడు టామ్ మిల్లర్, హామర్ విసిరే బలవంతుడు, భుజంతో సెంపుల్‌ని పక్కకు తోసేశాడు. పత్రికలవాళ్ల వాహనం సరిగ్గా ముందే ఉంది. హారీ ట్రాస్క్ వరసగా నొక్కాడు. ఆడపిల్ల పరుగును మగవాడి చెయ్యి ఆపబోవటం, ఆ చేతిని మరో భుజం అడ్డుకోవటం, అంతా ఒకే వరస బొమ్మల్లో దొరికింది. వాటిని చూసినవాళ్లకు వాదన వివరించవలసిన పని లేకపోయింది. 1972 నుంచి బోస్టన్‌లో ఆడవాళ్లను అధికారికంగా పరుగెత్తనిచ్చారు.

ఇప్పుడు అంచుల వైపు చూద్దాం. అదే రోజు అదే దారిలో స్విట్జర్ కన్నా దాదాపు గంట ముందు గమ్యం చేరిన ఆడమనిషి ఒకరున్నారు. ఆమె బాబీ గిబ్. 1966లోనే, అనుమతి ఇవ్వకపోతే పొదల్లో దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి, 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది. ఆ మారథాన్ మొత్తం పరుగెత్తిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమె ఫొటోలు కూడా పత్రికల్లో వచ్చాయి. కానీ వాటిలో ఆమెను ఎవరూ లాగటం లేదు. హాయిగా పరుగెడుతోంది, అంతే. లోకం గుర్తుపెట్టుకున్నది 261 నంబరునే. గిబ్ గెలుపులను బోస్టన్ నిర్వాహకులు 1996లో గాని గుర్తించలేదు. సెంపుల్ సంగతీ నన్ను బాధిస్తుంది. జీవితమంతా పరుగుకే అంకితమైన మనిషి, తరవాతి ఏళ్లలో స్విట్జర్‌తో స్నేహం కలుపుకున్నాడు కూడా. కానీ ఆ ఫొటో ఉన్నంతకాలం పళ్లు బిగించి ఆమె మీదికి వస్తూనే ఉంటాడు. ఒక మనిషి కోపం వచ్చిన ఒకే ఒక్క క్షణాన్ని ఫొటో శాశ్వతం చేస్తే, అది అన్యాయమని నేను అనుకుంటాను. స్విట్జర్‌కి న్యాయం చేసిన ఫొటోనే ఇద్దరికి అన్యాయం చేసింది.

మన సింధు దగ్గరికి వస్తాను. 2016 ఆగస్టు 19, రియో, బ్యాడ్మింటన్ ఫైనల్. మొదటి గేమ్ సింధు గెలిచింది, తరవాతి రెండూ కరోలినా మారిన్ గెలిచింది. చివరి పాయింటు రాగానే మారిన్ కోర్టు మీద బోర్లా పడి ఏడ్చేసింది. ఓడిన సింధు అవతలి వైపుకు నడిచి వెళ్లి, ఆమెను లేపి, కౌగిలించుకుంది. కింద వదిలేసిన మారిన్ రాకెట్ తీసి ఆమె సంచి దగ్గర పెట్టింది కూడా. ఆ వారమంతా మన ఊళ్లలో ఎక్కడ చూసినా సింధు వెండి పతకం కొరుకుతున్న ఫొటోలూ, కోచ్ గోపీచంద్ పక్కన నిలబడ్డ ఫొటోలూ కనిపించాయి. నా ఎన్నిక అడిగితే, మారిన్‌ని లేపుతున్న ఫొటోనే గొప్పదంటాను. ఆమె గెలిచిందో ఓడిందో తెలియనివాళ్లు చూసినా, ఎవరు ఎవరికి చెయ్యి అందిస్తున్నారో తెలుస్తుంది. 1970 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గ్వాదలహారాలో మ్యాచ్ అయిపోయాక చొక్కాలు మార్చుకుని ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్న పెలే, బాబీ మూర్ ఫొటో కూడా ఇలాంటిదే. జాన్ వార్లీ తీసిన ఆ ఫొటో చూసినవాళ్లకు బ్రెజిల్ 1-0తో గెలిచిందన్నది రెండో సంగతి. సింధు ఆ తరవాత 2019లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2021లో టోక్యోలో కాంస్యం గెలిచింది. ఆ కౌగిలింత ఫొటోకి ఆ గెలుపులు బలం తెచ్చాయి. ఓడటం తెలిసిన మనిషే గెలిచిందని అది చెబుతుంది.

చివరికి మెక్సికో నగరం. 1968 అక్టోబరు 16. ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో టామీ స్మిత్ 19.83 సెకన్లలో ప్రపంచ రికార్డు స్థాపించాడు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్ 20.06తో రెండో స్థానం, జాన్ కార్లోస్ మూడో స్థానం. ముగ్గురూ పతకాల వేదిక ఎక్కారు. అమెరికా జాతీయగీతం మొదలవగానే స్మిత్, కార్లోస్ తలలు వంచి, పిడికిళ్లు పైకెత్తారు. బూట్లు లేవు, నల్ల మేజోళ్లే. అది తమ జాతి పేదరికానికి గుర్తు. లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ జాన్ డొమినిస్ దగ్గరగా నిలబడి తీశాడు.

ఆ ఫొటోని మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. స్మిత్ ఎత్తింది కుడిచెయ్యి, కార్లోస్ ఎత్తింది ఎడమచెయ్యి. ఎందుకలా? కార్లోస్ తన గ్లవుజులు ఒలింపిక్ గ్రామంలోనే మరిచిపోయి వచ్చాడు. ఉన్న ఒక్క జతనే చెరొకటి తొడుక్కోమని సలహా ఇచ్చింది పీటర్ నార్మన్. వాళ్లు ఏం చేయబోతున్నారో అతనికి ముందే తెలుసు. తానూ వాళ్లకు తోడుంటానన్నాడు. మానవహక్కుల ఉద్యమపు బిళ్ల ఒకటి పాల్ హాఫ్‌మన్ అనే అమెరికన్ పడవ పందెగాడి దగ్గర తీసుకుని, తన ఛాతీ మీద తగిలించుకున్నాడు. ఫొటోలో ముగ్గురి ఛాతీల మీదా అదే బిళ్ల ఉంటుంది. నార్మన్ చెయ్యి ఎత్తలేదు. నిటారుగా, ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. అందుకే చాలా ఏళ్లు జనం అతన్ని ఏమీ తెలియని తెల్లవాడనుకున్నారు. దాదాపు అందరి చూపూ అతని మీదుగా జారి పిడికిళ్ల మీదికి వెళ్లిపోయింది.

స్మిత్‌నీ కార్లోస్‌నీ జట్టు నుంచి తప్పించి ఇంటికి పంపించారు. బెదిరింపులు వచ్చాయి, బతుకులు కష్టమయ్యాయి. నార్మన్‌ని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఎంపిక చేయలేదు. దానికి కారణం ఈ ఫొటోయేనా అన్న వాదన ఆస్ట్రేలియాలో ఇంకా నడుస్తోంది. 2005లో శాన్ హోసే విశ్వవిద్యాలయంలో ఆ వేదికను శిల్పంగా కట్టారు. అందులో స్మిత్, కార్లోస్ ఉన్నారు, రెండో మెట్టు ఖాళీగా ఉంది. చూడవచ్చినవాళ్లు ఆ చోట నిలబడాలని నార్మనే కోరుకున్నాడు. 2006లో అతను చనిపోతే స్మిత్, కార్లోస్ ఆస్ట్రేలియా వెళ్లి శవపేటిక మోశారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు అతనికి క్షమాపణ చెప్పింది. 2019లో మెల్‌బోర్న్‌లో అతని విగ్రహం పెట్టారు. ఫొటో ఒక్కటే, 1968 నుంచి అందులో ఒక చుక్క కూడా మారలేదు. కానీ ముగ్గురున్న ఫొటోని మొదట ఇద్దరి ఫొటోగా చూసినవాళ్లం, ముగ్గురి ఫొటోగా చూడటానికి నలభై ఏళ్లు పట్టింది.

మెక్సికోలో నార్మన్ పరుగెత్తిన 20.06 సెకన్లను ఆ తరవాత 56 ఏళ్లపాటు ఏ ఆస్ట్రేలియన్ పరుగువీరుడూ దాటలేకపోయాడు. 2024 డిసెంబరులో బ్రిస్బేన్‌లో 16 ఏళ్ల కుర్రాడు 20.04 సెకన్లలో పరుగెత్తి ఆ రికార్డు చెరిపేశాడు. అతని పేరు గౌట్ గౌట్. దక్షిణ సూడాన్ నుంచి ఆస్ట్రేలియాకు వలస వచ్చిన నల్లజాతి దంపతుల కొడుకు.